ముందు బరువు

ఆ బస్సుని ఆపింది నేనే. అది ముందే చెప్పేస్తాను. ఎవరో చెబితే మీరు వినేకంటే నేను చెప్పడమే నయం.

ఎనభై రెండు, ఎండాకాలం. ఉప్పాడ నుంచి పిఠాపురం పోయే ప్రైవేటు బస్సు పొద్దున్న ఆరింటికి మా వాడ ముందు ఆగేది. మా ఆడవాళ్ళు పన్నెండు మంది చేపల తట్టలతో ఎక్కేవారు. మనిషికీ టిక్కెట్టు, తట్టకీ టిక్కెట్టు. అయినా సీట్లో కూర్చోనిచ్చేవారు కాదు. వెనక మెట్ల దగ్గర, నేల మీద, తట్టల మధ్య కూర్చోవాలి. బస్సు సగం ఖాళీగా ఉన్నా అంతే. "కంపు కొడతారమ్మా, మిగతా పాసింజర్లు ఊరుకోరు," అనేవాడు కండక్టరు. నా పెళ్ళాం లోవలక్ష్మి ఆరేళ్ళు అలా నేల మీద కూర్చునే పిఠాపురం వెళ్ళింది.

నాకప్పుడు ముప్ఫై ఏళ్ళు. చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా కరపత్రాలు చదివి నేర్చుకున్నాను. మత్స్యకార యువజన సంఘానికి ప్రెసిడెంటునీ నేనే, సెక్రటరీనీ నేనే, గోడల మీద నినాదాలు రాసేవాణ్ణీ నేనే. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి బస్సు ముందు అడ్డంగా పడుకున్నాను. "టిక్కెట్టు కొన్న ప్రతి మనిషికీ సీటు ఇవ్వాలి!" నా వెనక ఓ పదిమంది కుర్రాళ్ళు. మూడు రోజులు బస్సు కదల్లేదు. మూడు రోజులూ ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని మహారాజులా ఇంటికొచ్చాను.

నాలుగో రోజు ఓనరు మనిషిని పంపించాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు ఆ మనిషి.

"మీరు చెప్పింది న్యాయమేనండి అమ్మిరాజు గారూ. ఇవాళ్టి నుంచి మనుషులందరికీ సీట్లు. తట్టలు మాత్రం ఎక్కించం. మీరడిగింది మనుషులకే కదండీ, తట్టలకి కాదు కదా."

నేను గెలిచాను. తట్ట లేకుండా పిఠాపురం వెళ్ళి మా ఆడవాళ్ళు ఏం చెయ్యాలి, సినిమా చూడాలా?

ఆ సాయంత్రం వాళ్ళందరూ మా గుమ్మం ముందుకొచ్చారు. జ్ఞానమ్మ ముందు నిలబడింది. మొగుడు మంచాన పడి రెండేళ్ళయింది, ఆ తట్టే ఆ ఇంటికి ఆధారం.

"మాకు సీటు కావాలని నీతో చెప్పామా?" అంది.

"అన్యాయం జరుగుతుంటే చెప్పాలేంటి, జ్ఞానమ్మక్కా?"

"ఓహో. మరి రేపు నా తట్ట నువ్వు మోస్తావా?"

అందరూ నవ్వారు. సరదాకి నవ్విన నవ్వు కాదది. మా అమ్మ చిట్టెమ్మ అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతోంది, తలెత్తలేదు. లోవలక్ష్మి వాళ్ళ వైపు నిలబడి ఉంది, నా వైపు కాదు. అది చూశాను గానీ పట్టించుకోలేదు.

మూడు రోజులు నడిచారు. పన్నెండు కిలోమీటర్ల తారు రోడ్డు, వైశాఖం ఎండ. ఆరింటికి బయల్దేరితే పిఠాపురం మార్కెట్టు చేరేసరికి తొమ్మిది దాటేది. అప్పటికి కొనేవాళ్ళు వెళ్ళిపోయేవారు. తట్టల్లో కవళ్ళ చేపలు మెత్తబడిపోయేవి. మూడో రోజు లోవలక్ష్మి కాళ్ళకి బొబ్బలతో వచ్చి, మిగిలిన చేపని ఉప్పులో వేసి పడుకుంది.

నాలుగో రోజు బుల్లియ్య వచ్చాడు. పిఠాపురం షావుకారు జోగేశ్వరరావు గారి గుమాస్తా. తెల్ల పంచె, చంకలో గొడుగు. వాళ్ళ వ్యాను తిన్నగా రేవుకే వస్తుందట. చేపంతా వాళ్ళకే వెయ్యాలట. ధర వాళ్ళే చెబుతారట.

"ఎందుకమ్మా ఈ నడకలు? హాయిగా ఇంటి దగ్గరే ఉండండి. ఒప్పుకుంటే అమావాస్యనాడు తాంబూలం తెస్తాను."

ఆ మాట ఎంత బరువైందో పై ఊరివాళ్ళకి తెలీదు. మా వాళ్ళు అమావాస్యనాడు వేటకి వెళ్ళరు. తగవులూ ఒప్పందాలూ ఆ రోజే తేల్చుకుంటారు. ఒప్పందానికి గుర్తు తాంబూలం. అది చేతిలోకి తీసుకున్నారంటే ఏడాది పొడుగునా ఆ మాటకి కట్టుబడాలి. కాగితం మీద సంతకాలు పెట్టి ఎగ్గొట్టినవాళ్ళు మా వాడలో ఉన్నారు. తాంబూలం పుచ్చుకుని తప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అంటే ఏడాదిపాటు మార్కెట్టులో మా ఆడవాళ్ళెవరూ కూర్చోరు. ఏడాది ఖాళీగా ఉన్న చోట్లో ఇంకొకరు కూర్చున్నాక మళ్ళీ ఎవరు వదులుతారు?

బుల్లియ్య వెళ్ళాక మా అమ్మ ఒకే మాట అంది. "నలభై ఏళ్ళు ఆ మార్కెట్టులో నా చేపకి నేనే ధర చెప్పాను."

అప్పుడు నేను లేచాను. నేను లేవకుండా ఎలా ఉంటాను?

"అమావాస్యకి ఇంకా ఇరవై రెండు రోజులుంది. బస్సు ఎక్కించుకోకపోతే మన బండి మనమే కట్టుకుందాం. పన్నెండు తట్టలూ అందులో పోతాయి."

"ఏం బండి?" అంది జ్ఞానమ్మ.

"మోటారు సైకిలు వెనక తగిలించే బండి. ట్రాక్టరుకి ట్రక్కు ఉండదా, అలాగ."

జ్ఞానమ్మ మిగతావాళ్ళ మొహాలు చూసింది. "అమావాస్య దాకా చూస్తాం. ఆ లోపు మా తట్టలు ఏడింటికల్లా మార్కెట్టులో దిగాలి. లేకపోతే తాంబూలం పుచ్చుకుంటాం. అప్పుడు మళ్ళీ ఉపన్యాసం చెప్పకు."

మోటారు సైకిలు మా బావది. పల్లంరాజు, మా అక్క మొగుడు. నావలు కట్టే పనివాడు. ఎక్కడో తిరిగి తిరిగి అతని దగ్గరికి చేరిన పాత రాజ్‌దూత్ అది. తన్నగా తన్నగా మొదలయ్యేది, మొదలయ్యాక మాత్రం ఏనుగుని కట్టినా లాగేది.

ఇక సామాను. ఆ ఏడాది సముద్రం మా వాడ చివరి వరసలో ఇంకో ఇల్లు తినేసింది. ఆ ఇంటి కిటికీ చువ్వలు, దూలానికి వేసిన ఇనప కమ్మీలు ఇసకలో తేలి ఉన్నాయి. ఇంటాయన్నడిగితే, "సముద్రం తిన్నాక మిగిలిన ఎంగిలి, పట్టుకుపోరా," అన్నాడు. చక్రాలు పిఠాపురంలో వీరబ్రహ్మం గారి వెల్డింగు షాపు వెనక దొరికాయి, యాక్సిడెంటయి మూలపడ్డ ఒక ఆటోవి. అడుగుకి పాత నావ చెక్కలు. స్ప్రింగుల్లేవు, వాటి బదులు లారీ టైరు కోసి అతుకులు వేశాం. ఆ పదిహేడు రోజుల్లో నేను వేటకి వెళ్ళింది నాలుగుసార్లు. మిగతా రోజులన్నీ కమ్మీలు సైకిలు మీద కట్టుకుని పిఠాపురం వెళ్ళడం, రావడం.

చక్రాల మధ్య ఇరుసు అతికించే రోజున వీరబ్రహ్మం గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగారు.

"ఇరుసు ఎక్కడ పెట్టమంటారండీ? మధ్యకా, వెనక్కా?"

"ముందుకి పెట్టండి," అన్నాడు మా బావ. "బరువు వెనక పడాలండి. ముక్కు తేలాలి. ముక్కు బరువైతే అల మింగేస్తుంది."

"రోడ్డు మీద అలలెక్కడివండీ?"

మా బావ కాస్త తికమకపడ్డాడు. నేను ఊరుకోలేదు.

"మా బావ నలభై నావలు కట్టాడండి వీరబ్రహ్మం గారూ. ఆయన చెప్పినట్టు చెయ్యండి."

"మీ ఇష్టమండి," అని కళ్ళజోడు కిందికి లాక్కున్నారు. మెరుపులు లేచాయి.

బండి వాడకొచ్చిన రోజున లోవలక్ష్మి చుట్టూ తిరిగి చూసింది. మోటారు సైకిలుకి తగిలించడానికి ముందున్న ఇనప నొగని పట్టుకుని ఎత్తింది. పూచికపుల్లలా లేచింది.

"ఇది ఇంత తేలిగ్గా లేవచ్చా?" అంది.

"తేలిగ్గా ఉండాలనే కదా కట్టింది."

"కాదు, నేనడిగేది..."

"నీకు తెలీదులే, పక్కకి జరుగు. రంగు అంటుకుంటుంది."

రెండు పక్కలా ఎర్ర రంగుతో మత్స్యకార యువజన సంఘం అని రాస్తున్నాను. బాగా వచ్చాయి అక్షరాలు. లోవలక్ష్మి అవి చదివింది. దానికీ చదువు నేనే నేర్పాను.

"తట్టలు మావి కదా," అని లోపలికి పోయింది.

అమావాస్యకి ఐదు రోజుల ముందు మొదటి ప్రయాణం పెట్టాం. నేను ఊరికే పంపిస్తానా? ఊరేగింపుగా వెళ్ళాలన్నాను. ముందు బావ మోటారు సైకిలు, దానికి బండి, వెనక ఆడవాళ్ళు పన్నెండు మంది నడిచి, చివర జెండాలతో కుర్రాళ్ళు. లోవలక్ష్మి తన తట్ట తెచ్చి బండి ముందు భాగంలో పెట్టింది. నేను తీసి వెనక పెట్టాను. మళ్ళీ ముందుకి జరిపింది. మళ్ళీ తీశాను.

"ఇది నీ నెత్తి కాదే. బండి. నావలో బరువు ఎక్కడ పెడతారో చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడు."

"ఇది నావ కూడా కాదు కదా," అంది.

బయల్దేరాం. చదును రోడ్డు మీద బాగానే సాగింది, కాకపోతే బండి తోక అటూ ఇటూ ఊగుతోంది. మా బావ వెనక్కి తిరిగి, "నీళ్ళ మీద ఊగినట్టే ఉందిరా!" అని నవ్వాడు. నేను నినాదాలిస్తున్నాను. కొత్తపల్లి దాటాక కాలవ మీద వంతెన. రెండు పక్కలా రోడ్డు ఏటవాలుగా లేస్తుంది. మోటారు సైకిలు వంతెన ఎక్కింది. బండి ఎక్కడం మొదలెట్టింది. తట్టలన్నీ చిన్నగా వెనక్కి జారాయి.

అంతే. బండి తోక నేలకి తగిలింది. నొగ లేచింది. నొగతోపాటు మోటారు సైకిలు వెనక చక్రం కూడా గాల్లోకి లేచి, గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. మా బావ హ్యాండిలు పట్టుకుని ముందుకి వాలిపోయి, "ఆపండ్రా! ఆపండ్రా!" అని కేకలు. ఏం ఆపాలి? ఆగిపోయే ఉంది కదా! పన్నెండు తట్టల చేపలు, కవళ్ళూ సావిడాయిలూ అన్నీ, రోడ్డు మీద వెండి చాపలా పరుచుకున్నాయి. కాకులు ఎక్కడ్నుంచి వస్తాయో! టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడి నవ్వారు. "ఒరే, గుర్రం రెండు కాళ్ళెత్తింది చూడండ్రా!" ఎవడో అన్నాడు. అదే సమయానికి జోగేశ్వరరావు గారి వ్యాను హారను కొట్టుకుంటూ పక్కనుంచి నెమ్మదిగా, చేపల మీదుగా పోయింది.

నేను టీ కొట్టు వాళ్ళ మీద విరుచుకుపడ్డాను. శ్రమజీవుల కష్టం చూసి నవ్వుతారా అని మొదలెట్టాను. సగంలో వెనక్కి తిరిగి చూస్తే మా ఆడవాళ్ళెవరూ నా మాట వినడం లేదు. చేపలేరుకుంటున్నారు. జెండా పట్టిన కుర్రాళ్ళు కూడా జెండాలు పక్కన పడేసి ఏరుతున్నారు.

లోవలక్ష్మి ఏరడం అయ్యాక మా బావతో అంది. "అన్నయ్యా, ఆ నొగ కిందికి అదిమి పట్టుకో." మా బావ పట్టుకున్నాడు. బరువైన తట్టలు ఒక్కోటీ ముందుకి చేర్చింది. నొగ మొదట్లో, గోడకి ఆనించినట్టు. తేలికవి వెనక. మధ్యలో కాస్త ఖాళీ.

"తల మీద తట్ట కాస్త ముందుకి వాలి ఉండాలి," అంది తాడు కడుతూ. నాతో కాదు, మా బావతో. "అప్పుడే కాలు దానంతటది పడుద్ది. ఎనక్కి పోయిందా, మెడ పట్టేసుద్ది. రేవు నుంచి బస్సుకీ, బస్సు నుంచి మార్కెట్టుకీ ఆరేళ్ళ బట్టి ఏ అడుగుకి ఆ అడుగు చూసుకుని నడిచినవాళ్ళం. ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్ళం."

మా బావ తన్నాడు. మోటారు సైకిలు మొదలైంది. వంతెన ఎక్కింది. దిగింది. ఊగలేదు కూడా.

కానీ ఆ రోజు చేపంతా మట్టి. ఎవరూ కొనలేదు. నిండు తట్టలు అలాగే వెనక్కి తెచ్చుకున్నాం.

ఇంటికొచ్చాక నేను కోపంగానే ఉన్నాను. కోపం అలవాటైనవాడికి సిగ్గు కూడా కోపంలాగే బయటికొస్తుంది.

"ముందే గట్టిగా చెప్పొచ్చు కదా!" అన్నాను.

లోవలక్ష్మి కాళ్ళు కడుక్కుంటోంది. చెంబు కింద పెట్టింది.

"ఆ బస్సులో నేల మీద కూర్చున్నది నేను. నాకు కోపం రాదనుకున్నావా? కండక్టరు చెల్లెలికి కాన్పయితే నెల రోజులు చేప ఇచ్చాం మేం. ముసలాళ్ళిద్దర్ని సీట్లో కూర్చోనిస్తున్నాడు అప్పటికే. మెడ నొప్పితో మానేసిన మీ అమ్మ కూడా నొప్పి తగ్గాక వచ్చి సీట్లో కూర్చునేది. నేల మీంచి ఒక్కొక్కళ్ళనే లేపుకుంటున్నాం. నువ్వొచ్చి పడుకున్నావు."

ఈ సంగతి నాకు తెలీదు. ఒకే ఇంట్లో ఉంటూ తెలీదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడడిగావు?"

అరుగు మీద మా అమ్మ వక్క నములుతూనే ఉంది.

అమావాస్యనాడు రేవులో బోర్లించిన నావ మీద బుల్లియ్య ఇత్తడి పళ్ళెం పెట్టాడు. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు. పన్నెండు మంది ఆడవాళ్ళూ చుట్టూ నిలబడ్డారు. మగవాళ్ళం దూరంగా వలలు బాగుచేస్తున్నట్టు నటిస్తున్నాం. అంతకు ముందు నాలుగు రోజులూ బండి పిఠాపురం వెళ్ళొచ్చింది, తొణక్కుండా. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు తెల్లారగట్లే ఉత్త చేతుల్తో ముందు నడిచేవారు, వచ్చేటప్పుడు నలుగురైదుగురు బండిలో ముందు కూర్చుని వచ్చేవారు. కానీ నాలుగు రోజుల్ని చూసి ఏడాదిని నమ్మడం ఎలా? పాత రాజ్‌దూత్ ఏ రోజైనా మొండికెయ్యొచ్చు. వానలొస్తే సముద్రం రోడ్డుని కొరకొచ్చు. ఆ భయం నాకే ఉంది, వాళ్ళకెందుకుండదు?

"రండమ్మా, వర్జ్యం రాకముందే," అన్నాడు బుల్లియ్య.

జ్ఞానమ్మ ముందుకొచ్చింది. పళ్ళెం దగ్గర ఆగి, నేనున్న వైపు చూసింది.

"అమ్మిరాజూ, నన్ను తిట్టకు. ఆయనకి మందులు ఆగకూడదు. బండి ఒక్కరోజు చెడిపోతే నాకు గడవదు."

నా నోట్లో మాటలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. ద్రోహం అనే మాట అన్నిటికంటే ముందుంది. ఆవిడ చెయ్యి పళ్ళెం మీద ఆగి ఉంది. నేనొక్క కేక వేస్తే వెనక్కి తీసుకునేదేమో. మిగతావాళ్ళ ముందు సిగ్గుతో తీసుకునేది. నేనిదివరకు చాలామంది చేతులు అలాగే వెనక్కి తీయించాను.

"నీ ఇల్లు నీకు తెలుసు జ్ఞానమ్మక్కా," అన్నాను.

ఆవిడ తాంబూలం తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడ వెనక ఇంకో నలుగురు తీసుకున్నారు. తర్వాత ఎవరూ కదల్లేదు. బుల్లియ్య మా అమ్మ వైపు చూశాడు.

"చిట్టెమ్మ గారూ, పెద్దవారు, మీరు చెబితే వింటారండి."

"నాకు పళ్ళు లేవు నాయనా, అంత వక్క నమల్లేను," అంది మా అమ్మ.

మిగిలిన ఏడుగురూ పకపకా నవ్వారు. పుచ్చుకున్న ఐదుగురూ కూడా నవ్వారు. బుల్లియ్యకీ నవ్వొచ్చింది, గొడుగు చాటున నవ్వుకున్నాడు.

అందరూ చెదురుతుండగా లోవలక్ష్మి నన్ను పిలిచింది. వాళ్ళందరి ముందూ.

"బండి సంఘానిది కాదు. తట్ట పెట్టేవాళ్ళది. తాంబూలం పుచ్చుకున్నవాళ్ళు వచ్చే ఏడాది వస్తామంటే వాళ్ళకీ చోటుంటుంది. ఏమంటావు?"

నన్నడిగింది. అదే నాకు విచిత్రంగా అనిపించింది.

"మీరు అనుకున్నాక నేననేదేముంది," అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను గానీ గొంతు కాస్త ఉక్రోషంగానే వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత అబద్ధమెందుకు చెప్పాలి?

మర్నాడు పొద్దున్న ఏడు తట్టలు బండెక్కాయి, బరువువి ముందు. మా బావ వెనక సీట్లో నేను కూర్చున్నాను, దారిలో తాడు వదులైతే బిగించడానికి. ఆడవాళ్ళు ఎలా వస్తారని నేనడగలేదు. ఆరింటికి బస్సొచ్చి ఆగింది. ఏడుగురూ ఉత్త చేతుల్తో, కొప్పుల్లో పూలతో ఎక్కారు. చేతిలో తట్ట లేదు. నెత్తి మీద తట్ట లేదు. టిక్కెట్టు కొన్న మనుషులు. కండక్టరు వాళ్ళ ఉత్త చేతులు చూసి, ఏడు టిక్కెట్లు చింపాడు. ఇది వాళ్ళకి ఎప్పుడు తట్టిందో, ఎవరికి తట్టిందో నాకీరోజుకీ ఎవరూ చెప్పలేదు.

మార్కెట్టులో ఏడు కాకముందే తట్టలు దించాం. మా అమ్మ కూర్చునే చోట లోవలక్ష్మి కూర్చుంది. తొమ్మిదిన్నరకల్లా ఏడు తట్టలూ ఖాళీ.

చిక్కు తిరిగొచ్చేటప్పుడు వచ్చింది. ఆ రోజు ఆడవాళ్ళు వచ్చేది బస్సులో కాబట్టి ఖాళీ బండిలో ముందు పెట్టడానికి బరువు లేదు. ఇరుసు ఎక్కడ అతికించామో అక్కడే ఉంది కదా. మార్కెట్టు వీధి దాటేలోపే తోక ఎగిరెగిరి నేలకి కొట్టుకుంటోంది, నొగ మోటారు సైకిల్ని పైకి లాగుతోంది. మా బావ ఆపాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"దిగరా. నువ్వెళ్ళి బండి ముందు కూర్చో. నొగ మొదట్లో."

"నేనా?"

"నువ్వు కాకపోతే ఇక్కడ ఇంకేం బరువుంది?"

వెళ్ళి కూర్చున్నాను. ఏడు ఖాళీ తట్టలకి ముందు, మోకాళ్ళు ముడుచుకుని, చేప నీళ్ళలో. బండి కదిలింది. నిజంగానే ఎగరడం మానింది.

ఊరు దాటాక వెనక నుంచి బస్సు వచ్చింది. హారను కొట్టి పక్కకి తీసింది. కిటికీల్లో ఏడు మొహాలు, వరసగా, సీట్లలో. నన్ను చూసి ఒకటే నవ్వు. లోవలక్ష్మి కిటికీ సీట్లో ఉంది. నవ్వలేదు. తల బయటికి పెట్టి, మా బండి తోక వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. ఎదర వంతెన కనిపిస్తోంది.

"ఇంకొంచెం ముందుకి జరుగు!" అని అరిచింది.

బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. నేను జరిగాను.